పింగ్ వెళ్తుంది, పేజీ రాదు!

రెండు కంప్యూటర్లు, ఒకే నెట్ కనెక్షన్. ఒకదాంట్లో లినక్స్, రెండోదాంట్లో విండోస్. రెండోదానికి నెట్ అందకపోతే మన ఐటీ జనం చేసే మొదటి పని తీర్పు చెప్పెయ్యడం. "లినక్సంటేనే తలనొప్పి" అని ఒకరు, "విండోస్ బతుకింతే" అని ఇంకొకరు. రెండో పని రీఇన్‌స్టాల్. నన్నడిగితే ఇది ట్రబుల్‌షూటింగ్ కాదు, సోది చెప్పించుకోవడం.

ఇంటికో వైఫై రూటర్ ఉండగా ఇంకా ఈ గోలేంటి అంటారా? రాస్ప్‌బెర్రీ పై బోర్డుని విండోస్ లాప్‌టాప్‌కి కేబుల్‌తో తగిలించి, అందులోంచి నెట్ ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అసలు నెట్ పంచడంలో రెండూ చేసే పని ఒక్కటే: అవతలి మిషన్‌కి అడ్రసివ్వడం, దాని ప్యాకెట్లని తన పేరు మీద బయటికి పంపడం. విండోస్‌లో 1999 నాటి 98 సెకండ్ ఎడిషన్ నుంచీ దీనికి ఒక టిక్కు చాలు. లినక్స్‌లో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేసి, మాస్కరేడ్ రూల్ రాయాలి. నెట్‌వర్క్ మేనేజర్ ఉంటే అదీ ఒక్క క్లిక్కే. కాబట్టి తిట్టుకోవడం మానేసి వరసగా అడుగుదాం.

అడ్రసొచ్చిందా? 169.254తో మొదలైతే ఎవరూ ఇవ్వలేదని అర్థం. పాత గైడు చూసి గేట్‌వే 192.168.0.1 అని కొట్టకండి. విండోస్ 7 నుంచి పంచే మిషన్ అడ్రసు మామూలుగా 192.168.137.1.

గేట్‌వేకి పింగ్ వెళ్తోందా? వెళ్ళకపోతే వెంటనే కేబుల్ని అనుమానించొద్దు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి బదులివ్వకపోవడం మామూలే.

8.8.8.8కి వెళ్తోందా? గేట్‌వే పలికి ఇది పలక్కపోతే ఫార్వర్డింగ్, మాస్కరేడ్ చూడండి. నంబరు పలికి పేరు పలక్కపోతే డీఎన్‌ఎస్.

అన్నీ బాగానే ఉండి కొన్ని సైట్లు మాత్రం సగంలో ఆగిపోతున్నాయా? పీపీపీఓఈ కనెక్షనైతే 1500 బైట్లలో 8 దానికే పోయి 1492 మిగుల్తాయి. పింగ్ చిన్నది కనక దూరిపోతుంది, పెద్ద ప్యాకెట్ ఇరుక్కుంటుంది. గేట్‌వేలో ఎంఎస్ఎస్ తగ్గిస్తే సరి.

"రీఇన్‌స్టాల్ చేస్తే పనిచేసింది కదా" అంటారు. ఒక్కోసారి పనిచేస్తుంది, దాని ప్రమాదమే అది. కారణం తెలీకుండా పోయిన రోగం రేపు మళ్ళీ వస్తుంది, అదీ ఇంట్లో ఎవరో పరీక్ష ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజున. ఆఫీసులో "పనిచెయ్యట్లేదు" అని ఒక్క ముక్క రాసి బగ్ పెడితే ఊరుకుంటామా? లాగ్ ఏది, స్టెప్స్ ఏవి అని ప్రాణం తీస్తాం. ఆ మర్యాదేదో మనింటి నెట్‌కి కూడా ఇస్తే ఏం పోయింది?