పిలుపు ఎవరికి చేరుతోంది?

మధ్యతరగతి కుటుంబానికి కారు ఒకనాడు అందని ద్రాక్షపండు. 1983లో మారుతి 800 దానిని కొంత అందుబాటులోకి తెచ్చింది. 2008 జనవరిలో ఢిల్లీ వాహన ప్రదర్శనలో టాటా సంస్థ లక్ష రూపాయల నానో కారును చూపినప్పుడు దేశమంతా అబ్బురపడింది. వానలో తడుస్తూ ఒకే స్కూటరుపై ప్రయాణిస్తున్న కుటుంబాన్ని చూసినప్పుడు తనకు ఈ ఆలోచన కలిగిందని రతన్ టాటా చెప్పారు. ఆ సంకల్పం ఉదాత్తమైనదనడంలో సందేహం లేదు.

2009లో నానో రోడ్డెక్కింది. మరుసటి ఏడాదికే కొన్ని కార్లు మంటలకు గురైనట్లు వార్తలు వచ్చాయి. 2010 నవంబరులో సంస్థ ఒక ప్రకటన చేసింది. అప్పటికే అమ్ముడైన కార్లలో పొగగొట్టానికి, విద్యుత్ వ్యవస్థకు అదనపు రక్షణ ఏర్పాట్లను ఉచితంగా అమర్చుతామన్నది. అయితే ఇది 'రీకాల్' మాత్రం కాదని కూడా చెప్పింది. నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది.

తయారీలో దొర్లిన లోపాన్ని గుర్తించిన సంస్థ, అమ్మిన వాహనాలను వెనక్కి పిలిపించి, తన ఖర్చుతో సరిచేసి ఇవ్వడమే రీకాల్. ఆ పనికి 'ఉచిత సేవ' అని పేరు పెడితే యజమానికి ఏమని తోస్తుంది? సర్వీసు కేంద్రం ఎక్కడో దూరాన ఉంటుంది. అక్కడికి వెళ్తే ఒక రోజు సంపాదన పోతుంది. కనుక వీలున్నప్పుడు చూద్దామనుకుంటాడు. 'మీ కారులో లోపం ఉంది, ప్రమాదం జరగవచ్చు' అని చెబితే మరునాడే బయలుదేరుతాడు. ప్రాణాలతో ముడిపడిన విషయంలో మసిపూసి మారేడుకాయ చేయడం తగదు.

అదే 2010 ఫిబ్రవరిలో మారుతి సుజుకి దాదాపు లక్ష ఏ-స్టార్ కార్లను ఇంధనం కారే అవకాశం ఉందన్న కారణంతో వెనక్కి పిలిచింది. 2019 ఆగస్టులో 40,618 వ్యాగన్ ఆర్ కార్లను పిలిచింది. ఇంధనం ప్రవహించే గొట్టం ఒక లోహపు బిగింపునకు రాసుకుంటున్నదేమోనని అనుమానం. 2020 జులైలో ఇంధన పంపు లోపం వల్ల వ్యాగన్ ఆర్, బాలెనో కార్లు కలిపి 1,34,885 రప్పించింది. ఈ సంఖ్యలు చూసి 'చౌక కారు నాసి కారు' అని పెదవి విరిచేవారున్నారు. వారి తర్కం నాకు రుచించదు. చిన్నకారు ధర తగ్గించాలంటే ఒకే పంపును, ఒకే గొట్టాన్ని లక్షల సంఖ్యలో తయారు చేయించి, వీలైతే రెండు మూడు రకాల కార్లలో అమర్చాలి. ధర తగ్గడానికి ఏది కారణమో, చిన్న లోపం లక్ష ఇళ్లకు పాకడానికీ అదే కారణం. కార్లను బహిరంగంగా వెనక్కి పిలిచిన సంస్థను నమ్మవచ్చు. ఎన్నడూ ఏ కారునూ పిలవని సంస్థను చూసే నేను ఎక్కువగా సందేహిస్తాను.

మన దేశంలో ఈ విషయమై చాలాకాలం చట్టమే లేదు. 2012లో వాహన తయారీదారుల సంఘం స్వచ్ఛంద నియమావళిని రూపొందించుకున్నది. ఇంధనం కారే కారు విషయంలో సంస్థ ఇష్టాయిష్టాలపై ఆధారపడటమేమిటో! 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవాలని ఆదేశించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి కల్పించారు. సంబంధిత నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి.

చట్టం వచ్చినా, పిలుపు అందవలసిన వారికి అందుతున్నదా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. కారు కొత్తగా కొన్నవారి చిరునామా, ఫోను సంఖ్య సంస్థ దగ్గర ఉంటాయి. కాని చిన్నకారు కొన్నేళ్లకే చేతులు మారుతుంది. హైదరాబాదులో కొన్న ఉద్యోగి దానిని అమ్మితే, మహబూబ్‌నగర్‌లో ఒక చిరువ్యాపారి కొనుక్కుంటాడు. మరో మూడేళ్లకు అది ఇంకొక పల్లెకు చేరుతుంది. ఈ మూడో యజమాని సంస్థవారి సర్వీసు కేంద్రం గడప తొక్కడు. బస్టాండు పక్కనున్న మెకానిక్ దగ్గరికే వెళ్తాడు. ఆ మెకానిక్ పనితనంలో ఎవరికీ తీసిపోకపోవచ్చు, కాని సంస్థ పంపే సమాచారం అతనికి అందదు. ఉత్తరం మాత్రం ఎప్పుడో కారు అమ్మేసిన మొదటి యజమాని ఇంటి తలుపు తడుతుంది. అందరికన్నా తక్కువ ఆదాయం ఉన్నవాడే లోపమున్న కారులో ఏమీ తెలియకుండా బిడ్డలను ఎక్కించుకొని తిరుగుతుంటాడు.

దీనికి కొత్త యంత్రాంగమేమీ అక్కరలేదు. యాజమాన్య బదిలీ నమోదైన ప్రతి కారుకూ ప్రస్తుత యజమాని పేరు రవాణాశాఖ దగ్గర ఉంటుంది. రీకాల్ ప్రకటించిన సంస్థ ఛాసిస్ సంఖ్యలను ఆ శాఖకు అందజేయాలి. శాఖ తన రికార్డులను బట్టి నేటి యజమానికి తెలుగులో ఉత్తరం పంపాలి. బదిలీకి దరఖాస్తు వచ్చినప్పుడు ఆ కారుకు జరగవలసిన రీకాల్ మరమ్మతు ఏదైనా మిగిలి ఉన్నదేమో కార్యాలయమే పరిశీలించాలి. ఉన్నట్లయితే అది పూర్తయిన తరువాతనే కొత్త యజమాని పేరు రాయాలి.