తొడుగుకూ ఒక వ్యాకరణం కావాలి

గాలిలో చేతులాడిస్తే సంగీతం పలికించే సెన్సరు తొడుగుల విషయంలో మిత్రులు రెండు పక్షాలైనారు. "ఇది గారడీ, సంగీతం కాదు" అన్నది ఒక పక్షం. "ఇందులో కొత్తేముంది? సామగానంలో ఎప్పుడో ఉన్నదే" అన్నది రెండవ పక్షం. రెండూ నాకు సమ్మతం కావు.

రెండవదానిని ముందు చూద్దాం. నారదీయ శిక్ష గాత్రవీణను గూర్చి చెప్పిన మాట నిజమే. సామగుడు వేళ్ళ మీద స్వరస్థానాలను చూపుతాడు. అయితే అక్కడ స్వరం కంఠానిది. చేయి దానిని సూచిస్తుందంతే. ఈ తొడుగులో చేయి స్వరాన్ని శాసిస్తుంది. రెండూ ఒకటేననడం పూర్వులను గౌరవించడం కాదు, వారిని చదవకపోవడం.

ఇక గారడీ మాట. వేలు వంగితే అక్కడి సెన్సరులో విద్యున్నిరోధం మారుతుంది. మణికట్టు వద్ద ఉన్న మరొక పరికరం చేతి వాలునూ కదలికనూ కొలుస్తుంది. ఆ అంకెలు కంప్యూటరుకు చేరి ధ్వనులవుతాయి. ఇందులో ఇంద్రజాలమెక్కడిది? 1991లో లెటీషియా సొనామి తొలి తొడుగు వంటింటి రబ్బరు తొడుగులకు అయస్కాంతాలు అతికించి చేసినదే. ఆమ్‌స్టర్‌డాంలో మిషెల్ వైస్విజ్ 1984లో చేతులకు తగిలించుకొనే "ది హాండ్స్"ను వేదికనెక్కించి, దశాబ్దాల పాటు దానితో కచేరీలు చేశాడు. ఇంగ్లండులో, వైకల్యం వల్ల గిటారు వాయించడం కష్టమైన క్రిస్ హాల్పిన్, ఇమొజెన్ హీప్ బృందం రూపొందించిన మిము తొడుగులతో మళ్ళీ వేదిక మీద నిలిచాడు. ఆయన ఎదుట నిలబడి గారడీ అనగలరా?

నా ఆక్షేపణ వేరు. వీణ మీద తీగకూ నాదానికీ ఉన్న సంబంధం ప్రకృతి సిద్ధం. తొడుగులో అది కల్పితం. పిడికిలి బిగిస్తే తాళం మోగాలా, రాగం ఆగాలా అన్నది చేసినవారి ఇష్టం. కల్పితమైనందువల్ల దోషం లేదు. పదానికీ అర్థానికీ నడుమ ఉన్నది సంకేతమేనని నైయాయికులూ అన్నారు. కాని పూటకొక అర్థమిచ్చే మాటలతో కావ్యం పుట్టదు. కచేరీకొక సంకేతమైతే వాద్యకారునికి సాధన కుదరదు, శ్రోతకు రసమందదు, శిష్యునికి ఏమీ మిగలదు.

వైస్విజ్ 2008లో కన్నుమూశాడు. ఆయన నడిపిన స్టైమ్ సంస్థ 2020లో మూతపడింది. వైణికుడు పోయినా వీణ శిష్యుని ఒడిలో ఉంటుంది, మెట్లు అక్కడే ఉంటాయి. తొడుగు సంకేతాలు ఒకరి కంప్యూటరులోనే దాగితే, ఆ యంత్రంతోపాటే అవీ పోతాయి.

కనుక తొడుగులు చేసేవారికి నా మనవి ఇది. సెన్సర్లు పెంచకండి. పది సంకేతాలు నిర్ణయించండి, స్పష్టంగా వ్రాసి అందరికీ ఇవ్వండి, పదేళ్ళు మార్చకండి. అప్పుడది వాద్యమవుతుంది. అంతవరకు అది ఒక్కరి ప్రయోగమే.

కాదనేవారు కారణం చెప్పాలి. ఏ పక్షమో చెబితే చాలదు.