రైలు కిటికీలో గుట్ట

మా పెదనాన్నగారి అబ్బాయి ఉద్యోగం పనిమీద చైనాలోని షెన్‌జెన్ వెళ్లాడు. వెళ్లినవాడు ఊరికే ఉంటాడా! ఊరి పక్కనే ఉన్న వుతోంగ్ కొండ ఎక్కేసి, మబ్బుల మధ్య దిగిన ఫొటోలు ఇంటిల్లిపాదికీ పంపాడు. ఆ కొండ ఎత్తు దాదాపు 944 మీటర్లట. గుడిమల్కాపూర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని ఆ ఫొటోలు చూస్తూ, ‘అబ్బ, మనకూ ఇలాంటిదొకటి ఉంటే ఆదివారం ఆదివారం వెళ్లేవాళ్లం కదా’ అన్నాను.

బీరకాయ చెక్కు తీస్తున్న అమ్మ తలెత్తలేదు. ‘‘బోనగిరి గుట్ట ఎన్నడన్న ఎక్కినవా బిడ్డా?’’ అంది.

ఎక్కలేదు. హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. అమ్మ పుట్టిల్లు ఆలేరు దగ్గర కావడంతో ఏటా సెలవులకు ఆ దారినే రైల్లో వెళ్లేవాళ్లం. భువనగిరి దగ్గరపడగానే నాన్న మమ్మల్ని కిటికీ దగ్గరకు లాగి, బోర్లించిన కుండలా కనిపించే ఆ గుట్టను చూపించి, ‘ఈసారి దిగుదాం’ అనేవాడు. ఆ ‘ఈసారి’ ముప్ఫై ఏళ్లయినా రాలేదు. నాన్న పోయి నాలుగేళ్లు. అమ్మకేమో రెండు మోకాళ్లకూ ఆపరేషన్ చేయాలని డాక్టర్ తేదీ కూడా ఇచ్చేశారు. ‘‘అటెనక ఎక్కనిస్తరో లేదో’’ అంది. అక్క ఫోన్‌లో కేకలేసింది. డాక్టర్ మాత్రం, ‘వెళ్లండి, కానీ నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే ఆగిపోవాలి’ అన్నారు.

తెల్లవారకముందే బయల్దేరాం. మా పేటలో ఆ వేళకు చీకటి ఉండదు. పూల మార్కెట్‌లో బంతీ చామంతీ గుట్టలు పోసి, అరుపులతో హోరెత్తుతూ ఉంటుంది. అమ్మ రెండు మూరల చామంతి దండ బేరమాడి కొంది. మెహదీపట్నం నుంచి ఉప్పల్, అక్కడ యాదగిరిగుట్ట బస్సు. దారంతా అమ్మ కిటికీలోంచే చూసింది. రోడ్డు మీంచి గుట్ట వేరేలా కనపడుతుందని ఆవిడ ఫిర్యాదు!

నిజానికి దాన్ని గుట్ట అనడం కంటే ఒకే ఒక్క రాయి అనాలి. దాదాపు 40 ఎకరాల్లో పరుచుకుని, 500 అడుగుల ఎత్తు లేచిన ఏకశిల. మన దక్కన్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పైనున్న పొరలు కోట్ల ఏళ్లుగా అరిగిపోయి బరువు తగ్గడంతో లోపలి రాయి ఉల్లిపాయలా పొరలు విప్పుకుంటూ ఇలా నున్నగా గుండ్రంగా మిగిలింది. అక్కడక్కడా పెచ్చులు లేచిన చోట ఆ పొరలు మనకూ తెలుస్తాయి.

దాని నెత్తిన కోట కట్టించింది పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు. 1076 నుంచి 1126 దాకా ఏలినవాడు. ఆయన పేరు మీద త్రిభువనగిరి, అదే భువనగిరి, జనం నోట బోనగిరి. 18వ శతాబ్దం తొలినాళ్లలో సర్వాయి పాపన్న దీనిమీదికి దండెత్తాడు. 1944లో ఆంధ్ర మహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన సమావేశమైందీ ఈ ఊళ్లోనే. ఆ తర్వాతి కథ తెలంగాణ సాయుధ పోరాటం. చిన్న ఊరు, పెద్ద చరిత్ర.

మెట్లు మొదట్లో మర్యాదగానే ఉంటాయి. రాతి దర్వాజాలు దాటేకొద్దీ ఎత్తు పెరుగుతాయి. శత్రువు ఆయాసపడాలని కట్టిన దారి కదా, మనం పడితే తప్పేముంది! అమ్మ నాలుగు మెట్లకోసారి ఆగింది. దండలో సగం తెంపి ఆంజనేయుడికి పెట్టింది. మమ్మల్ని దాటి పిల్లల గుంపొకటి తాళ్లు, హెల్మెట్లతో వెళ్లింది. ఇక్కడ రాళ్లెక్కడం నేర్పే శిక్షణ ఉంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె, తోటి విద్యార్థి ఆనంద్‌కుమార్ మొదట తాడు పట్టింది ఈ రాతి మీదే. ఆ మాట చెబితే అమ్మ, ‘‘మరి నేను మెట్లన్న ఎక్కొద్దా’’ అని లేచింది.

మెట్లు పలచబడి రాయి నేరుగా లేచే చోట అమ్మ ఆగిపోయింది. నేనేమీ అనలేదు. ‘‘ఇగ చాలు. నువ్వు పోయిరా’’ అని మిగిలిన దండ నా చేతిలో పెట్టింది.

ఇక్కడికి రోప్‌వే వేస్తారన్న ప్రకటనలు చాలాకాలంగా వింటున్నాం. ఇంత రాతికి స్తంభాలు పాతడమేంటని ఇంతకుముందు నేనూ విసుక్కున్నవాణ్నే. ఆవిణ్ని ఆ మెట్టు మీద వదిలి పైకి వెళ్తుంటే ఆ విసుగు సగానికి తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది.

వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. పొద్దెక్కితే రాయి పెనంలా కాలుతుంది, వాన పడితే జారుతుంది. పట్టున్న బూట్లు, మనిషికో నీళ్ల సీసా తప్పనిసరి. సీసా ఖాళీ అయ్యాక వెంటే తెచ్చుకోండి, ఇప్పటికే అక్కడ విసిరేసినవి చాలు.

పైన శిథిలమైన మహల్, కొండ రాతి గుంటల్లో నిలిచిన నీళ్లు, ఒళ్లు తోసేసే గాలి. వుతోంగ్ ముందు ఇది ఆరో వంతే, మబ్బులూ లేవు. కానీ నాలుగు వైపులా చదునైన నేల కాబట్టి చూపు ఎక్కడా ఆగదు. చెరువులు, పొలాలు, దారంలా రైలు పట్టాలు. దండను గోడ మీద పెట్టాను.

ఫోన్ మోగింది. ‘‘బండి వస్తున్నదా?’’

‘‘లేదమ్మా.’’

‘‘ఆగు, వస్తది.’’

పావుగంట ఆగాను. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చింది, అగ్గిపెట్టెలు వరస పెట్టినట్టు.

‘‘కిటికీల కాడ మనుషులు అవుపడుతున్నరా?’’

‘‘ఇంత దూరం ఎలా కనిపిస్తారమ్మా?’’

‘‘అయినా చెయ్యి ఊపు’’ అంది.

ఊపాను. తిరుగు ప్రయాణం బస్సులో వద్దంది. రైలుకు రెండు టికెట్లు తీసుకున్నాం.