యంత్రములకు మేర వలదా?

ఊరుమ్మడి చెఱువునీటిని ఊరివారెల్లరు త్రాగవచ్చును. కాని యొకడు రేయింబవళ్లు యంత్రముతో తోడుకొనిపోవుచుండగా తక్కినవారు వట్టి కడవలతో గట్టున నిలువవలసివచ్చినచో, దానిని హక్కని యెవరందురు? అంతర్జాలమున నేడు జరుగుచున్నది ఇట్టిదే.

కృత్రిమమేధను నిర్మించు సంస్థలు తమ యంత్రములకు చదువు చెప్పుటకై, క్రాలర్లను ప్రోగ్రాములను వెబ్‌సైట్లపైకి తోలుచున్నవి. 2025 ఏప్రిలులో వికీమీడియా ఫౌండేషన్ ప్రకటించిన లెక్కలను చూడుడు. 2024 జనవరి మొదలు బొమ్మలు, వీడియోలు దింపుకొనుటకగు బ్యాండ్‌విడ్తు 50 శాతము పెరిగెను. పుటల వీక్షణములలో యంత్రముల వాటా 35 శాతమే. మిక్కిలి ఖర్చుగల రాకపోకలలో మాత్రము 65 శాతము. జనులు తఱచు చదువు పుటల ప్రతులు పాఠకులకు చేరువనున్న సర్వర్లలో సిద్ధముగా నుండును. యంత్రములు ఎవరును తెఱవని పుటలను గూడ అడుగుటచే ప్రధాన సర్వర్లే పని చేయవలసివచ్చును. ఖర్చు దాతలది, లాభము పరులది! తెలుగు వికీపీడియాయు ఆ సర్వర్లమీదనే నడచుచున్నది గనుక ఇది మనకు పరాయి గొడవ కాదు.

బహిరంగముగా నుంచినదానిని ఎవరైనను చదువవచ్చును గదా యని కొందఱందురు. చదువవద్దని మేమనము. వికీపీడియా తన వ్యాసముల నన్నిటిని మూటగట్టి ఉచితముగనే యిచ్చుచున్నది. ఆ మూటను విడిచి, గడియగడియకు తలుపు తట్టుట చదువు కాదు, దౌర్జన్యము.

1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించిన రోబాట్స్ టెక్స్టు అను పద్ధతి గుమ్మమున గట్టిన పలకవంటిది. 2022లో ప్రమాణపత్రముగా వెలువడినను అది విన్నపమే గాని శాసనము గాదు. మర్యాదగలవాడు చదివి మరలును. తక్కినవాడు కన్నెత్తి చూడడు. ఒక్కొక్క చిరునామాకు నిమిషమునకిన్ని పుటలని మేర విధించినచో, వేలకొలది చిరునామాలతో వేషములు మార్చి వచ్చుచున్నారు. 2025లో వెలువడిన అనూబిస్ అను సాధనము వచ్చినవారి కంప్యూటరుచేత ఒక లెక్క చేయించి గాని లోనికి విడువదు. కాని పాత ఫోనుగల పేదచదువరికిని ఆ సుంకము తప్పదు. దొంగకై వేసిన గడియ ఇంటివారినే బయట నిలుపరాదు.

కావున సైటుల యజమానులు ప్రతులను సిద్ధముగా నుంచి, మేరలు విధించి, వెదకుటకు తోడ్పడు మంచి క్రాలర్లకు దారి విడువవలెను. అంతకుమించి, నీరు తోడుకొని వ్యాపారము చేయువారు చెఱువు పూడికతీతకు తమ పాలు చెల్లింపవలెను. చెల్లింపనిచో ప్రభుత్వములు చట్టముచే చెల్లింపజేయవలెను. ఉపేక్షించినచో పెద్ద సైటులు కోటలు కట్టుకొనును, చిన్నవి మూతపడును. నష్టపోవునది చదువరియే.