బేలరుకు ముహూర్తం కాదు, లెక్క చూడండి

రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లు పైగా పనిచేశాను. ఓచరు లేని బిల్లు మీద సంతకం పెట్టి ఎరగను. ఈమధ్య మా తమ్ముడు వరిగడ్డిని చుట్టలు కట్టే బేలరు కొంటానన్నాడు. అప్పటికే మంచిరోజు చూపించుకున్నాడు. యంత్రాన్ని మాత్రం చూడలేదు!

"ఆ కంపెనీదే మంచిదట అన్నయ్యా, పక్క ఊళ్లో మూడేళ్లుగా నడుస్తోంది" అన్నాడు. ఒకటి నడిస్తే అన్నీ నడుస్తాయని రుజువా? చెడిపోయిన యంత్రం షెడ్డు మూలన పడుంటుంది, దాని మాట ఎవరూ ఎత్తరు. మొక్కు ఫలించినవాడే ఊరంతా చెబుతాడు, ఫలించనివాడు చెప్పడు. ఇదీ అంతే.

నేను అడగమన్నవి ఇవి. మన ట్రాక్టరు హార్స్‌పవరు సరిపోతుందా? పీటీఓ 540 చుట్ల దగ్గర ఆ బరువు లాగుతుందా? కోతల రోజుల్లో బేరింగో గొలుసో పోతే ఎన్ని గంటల్లో దొరుకుతుంది? డీజిలు, పురికొస, కూలి, వడ్డీ, తరుగుదల కలిపితే చుట్టకు ఎంత పడుతుంది? మన చేలో, మన గడ్డితో ఒక పూట నడిపి చూపిస్తారా?

ఆరని గడ్డిని చుడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. అందుకు యంత్రాన్ని తిట్టినా, దిష్టి తీసినా ఒకటే. కోత అయ్యాక మళ్లీ దున్నేలోగా ఉన్నవి కొద్ది రోజులు. అప్పుడు యంత్రం ఆగితే చాలామంది గడ్డికి నిప్పు పెట్టేస్తారు. పశువుల మేత పొగైపోతుంది.

ముహూర్తం దాటిపోయింది. ఇద్దరు డీలర్లు చేలో నడపమన్నారు, మూడో అతను ఒప్పుకున్నాడు. ఒక పూట పరీక్ష పూర్తి రుజువు కాదు, నిజమే. పంచాంగం అసలు రుజువే కాదు కదా!