రెండు శాతంలో మన బస్తీల వాటా అడుగుదాం!

ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ బస్తీల అమ్మలారా, అక్కలారా, అన్నలారా! సినిమా 24 క్రాఫ్టుల కార్మికులారా!

మన చుట్టూ పెద్ద పెద్ద స్టూడియోలు, కార్పొరేట్ ఆసుపత్రులు, హోటళ్లు, షోరూములు, కంపెనీల ఆఫీసులు ఉన్నాయి. వాటిలో లైట్లు మోసేది, వంట వండేది, గదులు ఊడ్చేది, రాత్రంతా గేటు కాసేది మనమే. లాభాల్లో ఉన్న పెద్ద కంపెనీ ఆ లాభంలో కొంత జనం కోసం ఖర్చు పెట్టాలని ఈ దేశంలో చట్టం ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ డబ్బు ఎటు పోతోందని మన సందుల్లో ఎవరైనా అడిగారా? ఇక అడగాలి.

కంపెనీల చట్టం–2013, సెక్షన్ 135. ఏడాదికి 5 కోట్ల నికర లాభం గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 500 కోట్ల నికర విలువ గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. సీఎస్ఆర్ అని మనం వింటున్నది దీన్నే. సగటు లాభం 5 కోట్లయితే 10 లక్షలు. 500 కోట్లయితే 10 కోట్లు.

దాతల మంచితనం చాలదా, చట్టం దేనికి అని కొందరు అడుగుతారు. దానికి జవాబు హైదరాబాద్‌కు తెలిసినంతగా మరే ఊరికీ తెలియదు. 2005లో 108 అంబులెన్సును మొదలుపెట్టింది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు. ఎన్ని ప్రాణాలు నిలిపిన బండి అది! 2009 జనవరి 7న అదే రామలింగరాజు, కంపెనీ లెక్కల్లో లేని వేల కోట్లు ఉన్నట్టు చూపామని తానే లేఖ రాశారు. సత్యంతో పాటు 108 భవిష్యత్తు కూడా ప్రశ్నార్థకమైంది. తర్వాత జీవీకే సంస్థ ముందుకొచ్చి నడిపించింది. ప్రాణాలు కాపాడే బండి సైతం ఒక యజమాని తలరాత మీద ఆధారపడాల్సి వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగినప్పుడు పరిశ్రమ పెద్దలు కరోనా క్రైసిస్ చారిటీ పెట్టి కార్మికుల ఇళ్లకు సరుకులు పంపారు. ఆ మేలు మరువలేనిది. కానీ మేలు చేసే మనిషి కోసం ఎదురుచూడటం వేరు, చట్టం చూపించి అడగటం వేరు.

ఈ చట్టానికీ కోరలు ఒక్కరోజులో రాలేదు. 2009 డిసెంబరులో కేంద్రం ఇచ్చినవి స్వచ్ఛంద మార్గదర్శకాలే. 2013లో చట్టం వచ్చాక కూడా, ఖర్చు చేయకపోతే ఎందుకు చేయలేదో నివేదికలో రాస్తే సరిపోయేది. 2019లో అధికారులకు జైలుశిక్ష అంటూ సవరణ తెచ్చారు. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 2020లో జైలు మాట తీసేశారు. చివరికి 2021 జనవరి 22 నుంచి జరిమానా అమల్లోకి వచ్చింది: కట్టాల్సిన సొమ్ముకు రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది. పెద్ద కంపెనీకి కోటి ఒక లెక్కా? ఆ పరిమితి ఎత్తేయాలని మనం కోరాలి.

ఇంకో సంగతి. కొనసాగుతున్న పనులకు కేటాయించింది పోను, మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లో ప్రధానమంత్రి సహాయ నిధి లాంటి కేంద్ర నిధులకు జమ చేయాలి. ఇక్కడ అడిగేవాళ్లు లేకపోతే ఇక్కడి డబ్బు ఢిల్లీకి పోతుంది.

కంపెనీ తాను పనిచేసే చోటికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని సెక్షన్ 135లోనే ఉంది. ఇది తప్పనిసరి కాదని కేంద్రం 2021లో వివరణ ఇచ్చింది. అందుకే అడిగే గొంతు గట్టిగా ఉండాలి. ఏ పనులకు ఖర్చు చేయవచ్చో చెప్పే షెడ్యూల్ 7లో తాగునీరు, పారిశుధ్యం, వైద్యం, చదువు, మహిళల హాస్టళ్లు ఉన్నాయి. మురికివాడల అభివృద్ధిని 2014 ఆగస్టులో చేర్చారు. జూబ్లీహిల్స్ గుట్టల మీద కురిసిన వాన కృష్ణానగర్ ఇళ్లలోకి వచ్చి చేరుతుంది. అవకాశాల కోసం ఊళ్ల నుంచి ఒంటరిగా వచ్చే ఆడపిల్లలు కిరాయి గదుల్లో భయంభయంగా బతుకుతున్నారు. మోరీ బాగుచేయడం, ఆ పిల్లలకు హాస్టల్ కట్టడం రెండూ ఈ చట్టం ఒప్పుకునే పనులే.

సినిమా నిర్మాతలకు ఒక మాట. సెక్షన్ 135 కంపెనీలకే వర్తిస్తుంది. భాగస్వామ్య సంస్థలకు, ఎల్‌ఎల్‌పీలకు, సొంత పేరుతో తీసే బ్యానర్లకు వర్తించదు. చట్టం అడగకపోయినా, సినిమా ఆడినప్పుడు అదే 2 శాతం కార్మికుల బస్తీలకు తీసిపెట్టండి. అయితే కూలి బకాయి కట్టి దాన్ని సేవ అనకండి. 2025 ఆగస్టులో రెండు వారాలకు పైగా షూటింగులు ఆపి కార్మికులు అడిగింది దానం కాదు, కష్టానికి తగిన కూలి.

ఇప్పుడు చేయాల్సింది చూద్దాం. వెబ్‌సైట్ ఉన్న కంపెనీ తన సీఎస్ఆర్ కమిటీ సభ్యుల పేర్లు, ఆమోదించిన పనులు అందులో పెట్టాలి. మన చదువుకునే పిల్లల చేత ఫోన్లో తీయించి చూడండి. బస్తీకి ఏం కావాలో కూర్చుని తేల్చుకుని, ఫొటోలు జతచేసి, అందరి సంతకాలతో ఆ కమిటీకి అర్జీ పెట్టండి. ఏడాది పనుల ప్రణాళిక ఖరారయ్యేలోపే అది చేరాలి. డబ్బు మన చేతికి ఇవ్వమని అడగవద్దు. కంపెనీయే నేరుగా పని చేయవచ్చు, లేదా సీఎస్ఆర్ కింద నమోదైన సేవా సంస్థ ద్వారా చేయించవచ్చు. రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే మళ్లీ వెళ్లండి, ఈసారి ఇంకా ఎక్కువ మందితో వెళ్లండి.

ఈ కరపత్రాన్ని పారేయకండి. చదివి పక్కింటికి ఇవ్వండి. ఈ వారమే మీ గల్లీలో కూర్చుని అర్జీ రాయండి!

— ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ బస్తీవాసులు, సినీ కార్మికులు