దుమ్ములో దాగిన చరిత్ర

మా చౌడేపల్లె ఎండల్లో సుడిగాలి లేచిందంటే ఇల్లాళ్ళు గబగబా తలుపులు మూసేస్తారు. మన భాషలోనూ దుమ్ముకు మర్యాద లేదు. ఒకరిని తిడితే దుమ్మెత్తి పోశామంటాం; ఒకరి కూడు చెడగొడితే నోట్లో దుమ్ము కొట్టామంటాం. తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి దుమ్ముతో అంతకుమించి పనేముంటుంది? కాని భూశాస్త్రజ్ఞులకు అదొక తాళపత్ర గ్రంథం!

చైనాలో గాలి మోసుకొచ్చిన ధూళి వందల అడుగుల మందాన మేట వేసింది. చలీ, కరువూ ముదిరిన కాలానిది పచ్చని దుమ్ము పొర. వానలు బాగా కురిసిన కాలంలో ఆ దుమ్మే మొక్క మొలిచి, మన్నయి, ఎర్రబారింది. ఇలా పొరమీద పొరగా 26 లక్షల సంవత్సరాల వానల లెక్క అక్కడ భద్రంగా ఉంది.

అలాంటి పత్రం ఒకటి మనకూ ఉన్నది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురం. సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద గాలిలో బంగాళాఖాతం దాటి వచ్చి జుర్రేరు లోయలో రాలింది. గట్లమీద పడ్డదాన్ని వానలు పల్లానికి చేర్చగా కొన్నిచోట్ల రెండున్నర మీటర్లు పేరుకుంది.

బూడిద కింద పాత నేల, పైన దాని తరువాతి నేల. ఇటువంటి నేలల్లో సున్నపు గడ్డలుంటాయి. చెట్లూ, వేడిసీమల గడ్డీ గాలిలోని కార్బన్‌ను వేరువేరు పాళ్ళలో తీసుకుంటాయి గనుక, అక్కడ ఒకప్పుడు అడవి ఉండేదా, గడ్డి ఉండేదా అన్నది ఆ గడ్డలే చెబుతాయి. మధ్యభారతంలో అలా పరీక్షించినవారు, బూడిద పడ్డాక అడవి తగ్గి గడ్డి పెరిగిందని 2009లో ప్రకటించారు.

మరి మనుషులేమయ్యారు? మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందానికి జ్వాలాపురంలో బూడిద కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. రెండింటికీ పోలిక ఉన్నది కాబట్టి ఇక్కడివారు ఆ గండం గట్టెక్కారని 2007లో వారు వాదించారు. ఆ పనిముట్లు చేసినవారెవరన్న తగవు పండితుల్లో ఇంకా తెగలేదు.

తగవు తీర్చవలసిన సాక్షి ఆ మట్టే. గిన్నెలు తోమే పొడి కోసం ఆ బూడిదను తవ్వి అమ్మారు. పొట్టకూటికి తవ్వినవారిని నేను నిందించను. కాని ఒక తాళపత్రం చెదలు తిన్నా, మరో ఇంటి అటకమీద దాని ప్రతి దొరకవచ్చు. తవ్విపోసిన పొరకు ప్రతి ఎక్కడ దొరుకుతుంది?

అందుచేత పాఠకులకు నా మనవి ఒక్కటే. బావి తవ్వేటప్పుడో, పునాది తీసేటప్పుడో గోడలో మట్టి రంగు మారిందా, ఒక్క నిమిషం పార ఆపండి. ఒక ఫొటో తీసి, దగ్గరి కాలేజీలో భూశాస్త్రం తెలిసినవారికి చూపించండి. ఖర్చులేని పని. ఫలితమంటారా, ఏ పుటలో ఏముందో చదివితేగాని తెలియదు కదా!